చెప్పులు విడిచిన గది (నా చదువు – 14)

మొన్నటి భాగాన్ని హాస్టల్ మెస్ దగ్గర ఆపాను. అక్కణ్ణించే ఎత్తుకుందామనుకున్నా గానీ ఈ వారం వేరే పని పడింది. ఒక యూనివర్సిటీలో ఫస్టియర్ పిల్లలకి ప్రోగ్రామింగ్ కోర్సు మొదలవుతోంది, మొదటి రోజు వచ్చి పరిచయంగా నాలుగు మాటలు చెప్పమన్నారు. ఇరవై ఏళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేశాను కదా, అందుకని. ఆ ఫోన్ పెట్టేశాక నాకు మొదట గుర్తొచ్చింది కంప్యూటర్ కాదు, చెప్పులు.

1999లో ఎంసీఏలో చేరాను. రిజర్వేషన్ సీటే, దాచేదేముంది. ల్యాబ్ గుమ్మం పక్కన చెప్పుల స్టాండు ఉండేది. ఏసీ గది, దుమ్ము పడకూడదు, ఎవరైనా సరే చెప్పులు విడిచే లోపలికి పోవాలి. మా ఊళ్లో పెద్దవీధి దాటేటప్పుడు మా తాత చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాడట. అవి ఆయన కుట్టినవే. ఆ వీధిలో అరుగుల మీద కూర్చున్నోళ్ల కాళ్లకున్నవీ ఆయన కుట్టినవే. ఇక్కడేమో మా లెక్చరర్‌తో సహా అందరూ విడుస్తున్నారు. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు గుమ్మం దాకానే.

లోపల అరవై మందికి ఇరవై మిషన్లు. ముగ్గురికొకటి. టౌన్లో డబ్బు కట్టి కంప్యూటర్ నేర్చుకొచ్చినోడి చేతిలో కీబోర్డు, వాడి స్నేహితుడు పక్కన, నేను బల్ల చివర. సార్ బోర్డు మీద 'హలో వరల్డ్' ప్రోగ్రాం రాశారు. సీ భాష మీద కెర్నిహాన్, రిచీ 1978లో వేసిన పుస్తకం మొదలయ్యేది దాంతోనే. "ఇది మీ అందరికీ తెలిసిందేగా" అని అయిదు నిమిషాల్లో చెరిపేశారు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ 'అందరికీ'లో నేను లేనని ఆయనకి తెలీదు, అంతే. చెయ్యెత్తి తెలీదని చెప్పొచ్చుగా అంటారేమో. కోటాలో వచ్చినోడు మొదటి రోజే చెయ్యెత్తి తెలీదంటే క్లాసంతా ఎట్లా చూస్తుందో చెయ్యెత్తినోళ్లకే తెలుసు.

నెల రోజులు ఒక్క కీ నొక్కలేదు. సీనియర్ల రికార్డు చూసి కాపీ కొట్టాను, సంతకం కూడా పడింది.

ల్యాబ్ అటెండర్ ఒకాయన ఉండేవాడు. ఒకరోజు రికార్డు తీసుకోడానికి పోతే, "ఏ ఊర్రా అబ్బాయ్?" అన్నాడు. ఊరు చెప్పాక, "ఊళ్లో ఎక్కడ?" అన్నాడు. పల్లెలో అన్నాను. "మధ్యాన్నం భోజనాలప్పుడు రా, తాళం తీసిపెడతా." అట్లా మొదలైంది నా చదువు. టర్బో సీ నీలం తెర ముందు ఒక్కణ్ణే. ఆరు లైన్లు కొట్టడానికి అరగంట. నొక్కితే ఎర్రర్. ఆరో లైన్లో తప్పు చూపిస్తుంది, ఆరో లైన్లో ఏమీ లేదు. రెండ్రోజులు ఏడుపొచ్చింది. మూడోరోజు ఆ అటెండరే వంగి చూసి, "అయిదో లైను చివర చుక్కా కామా పెట్టవా? ఈ పిల్లలంతా పెడతారే" అన్నాడు. ఎల్ పక్కనున్న కీ మీద ఆయన వేలు పెట్టి చూపించాడు. సెమికోలన్. తప్పు ఒకచోట జరిగితే మిషన్ దాని తర్వాతి లైన్ని పట్టుకుంటుందని నాకు ఏ లెక్చరరూ చెప్పలేదు, బాబాయే చెప్పాడు.

సరే, ఇప్పటి సంగతి. పిల్లలకి ఏం చెప్పాలో నాకు తెలుసు. ఉదాహరణకి ఎక్స్ ఈక్వల్ టు ఎక్స్ ప్లస్ వన్ అని రాస్తే లెక్కలొచ్చిన పిల్లలు కూడా బిత్తరపోతారు. ఏ సంఖ్యయినా దానికంటే ఒకటి ఎక్కువెట్లా అవుతుంది? అది సమీకరణం కాదమ్మా, చిల్లర కొట్టు ఖాతా. పాత బాకీ చూశాడు, ఈ పూట తెచ్చిన నూనె డబ్బు కలిపాడు, పాతంకె కొట్టేసి అదే చోట కొత్తది రాశాడు. ఖాతా మీద బతికిన ఇంటి పిల్లలకి ఇది ఇంకెవరికన్నా ముందే అర్థమవుతుంది.

కానీ పిల్లలకంటే ముందు డిపార్ట్‌మెంటుకి ఒక మాట చెప్పాలనుకున్నా. ఇంతకుముందు ప్రోగ్రాం రాసినోళ్లని ఒక బ్యాచీగా, అసలు రాయనోళ్లని ఇంకో బ్యాచీగా చెయ్యండి, రెండో బ్యాచీలో మనిషికో మిషన్ ఇవ్వండి అన్నాను. కాలిఫోర్నియాలో హార్వే మడ్ అనే చిన్న కాలేజీ 2006 ప్రాంతంలో తన మొదటి కోర్సుని ఇట్లాగే విడదీసింది, జావా తీసి పైథాన్ పెట్టింది. ఇంకా కొన్ని పనులు కూడా చేసింది. కంప్యూటర్ సైన్సు తీసుకున్నోళ్లలో వందకి పది మంది దగ్గరున్న ఆడపిల్లలు కొన్నేళ్లలో నలభై దగ్గరికొచ్చారు. తెలివి తక్కువై కాదు ఆగిపోయింది, ముందే నేర్చుకొచ్చినోడి గొంతు పక్కన కూర్చోలేక.

అక్కడ ఒక యువ లెక్చరర్ లేచింది. "మీరే ఇట్లా అంటే ఎట్లా సార్? మళ్లీ వేరే కూర్చోబెట్టమంటున్నారా?"

నిమిషం మాట రాలేదు. బడిలో వెనక వరస, టీకొట్లో వేరే గ్లాసు చూసొచ్చినోణ్ణి. వేరు అనే మాట నా నోటినించి వచ్చింది. తేరుకుని చెప్పాను: ర్యాంకు చూడొద్దు, కుల ధ్రువీకరణ పత్రం చూడొద్దు. ముందు ప్రోగ్రాం రాశావా లేదా అని ఒక్కటే అడగండి. మా ఆఫీసర్ల పిల్లలు మొదటి బ్యాచీలోకి పోతారు, పల్లెటూరి రైతు కూతురు రెండో దాంట్లోకొస్తుంది. సిలబస్ ఒకటే, పరీక్ష ఒకటే, రెండో సెమిస్టర్‌కి అందరూ ఒకేచోట. ఆమె తలూపింది, ఒప్పుకుందో లేదో తెలీదు. నాకూ ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. ఒక్క సెమిస్టర్‌కే చూద్దామన్నారు చివరికి.

సోమవారం రెండో బ్యాచీ ల్యాబ్‌కి వెళ్లాను. చెప్పుల స్టాండు ఇక్కడా ఉంది. సగం మందికి పైగా ఫోన్ తప్ప కీబోర్డు ముట్టుకోనోళ్లే. ఒకమ్మాయి పైథాన్‌లో 'ఇఫ్' లైను కొట్టి ఆగిపోయింది. చుట్టూ చూసి, గొంతు తగ్గించకుండానే అడిగింది, "సార్, కోలన్ ఎక్కడుంటది?"

ఎల్ పక్కన కీ చూపించి, షిఫ్ట్ పట్టుకోమన్నాను. ఇంకో నలుగురు కూడా వంగి వాళ్ల కీబోర్డులు చూసుకున్నారు.