పాత డీజిలు కారు – మూడు తరముల ఇంజనులు

కోలారు బంగారు గనుల సీమవారికి యంత్రము వింతవస్తువు కాదు. 1902లోనే శివసముద్రము నుండి విద్యుచ్ఛక్తి వచ్చి మన గనుల యంత్రములను నడిపినది. చిత్తూరు సీమనుండి వచ్చి స్థిరపడిన మన పెద్దలలో పలువురు ఆ యంత్రముల నీడనే బ్రదికిరి. 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడిన పిదప మన బ్రదుకుదెరువు బెంగుళూరు దారి పట్టినది. ఆ దారి సుమారు నూరు కిలోమీటర్లు. మధ్యతరగతి గృహస్థుడు పాత డీజిలు కారుపై మనసుపడుట కీ దూరమే కారణము.

మా పెదతండ్రిగారిని తరచుగా బెంగుళూరు వైద్యునికడకు గొనిపోవలసి వచ్చుటచే మాకును అట్టి కారు అవసరమైనది. కూడబెట్టిన సొమ్ము ఒక్క కారుకే చాలును. అది చెడిన రెండవదానికి దిక్కులేదు. పెదతండ్రిగారు గనుల వర్కుషాపులో పనిచేసినవారు. చప్పుడు విని ఇంజను రోగము చెప్పుదురు. నా తమ్ముని కుమారుడు మాత్రము, “చెవితో పనియేమి తాతయ్యా, స్కానరు తగిలించిన అన్నియు అదే చెప్పును” అనును. ఈ వాదము విన్న కొలది, ఇరువురును సత్యమే పలుకుచున్నారనియు, అయితే వేరువేరు తరముల ఇంజనులను గూర్చి పలుకుచున్నారనియు నాకు తోచినది.

అంబాసిడరు డీజిలు, 1998లో వెలువడిన టాటా ఇండికా మొదటి తరమువి. వీనిలో ఇంధనమును కొలిచి పంపునది యంత్రపు పంపు మాత్రమే, కంప్యూటరు లేదు. శక్తి స్వల్పము, రొద అధికము. కాని దోషమును దాచవు. నీలిపొగ వచ్చిన ఆయిలు మండుచున్నదని అర్థము. నల్లపొగ యైన గాలి చాలలేదు, లేదా ఇంధనము మితిమీరినది. ఇంజను వేడెక్కిన తరువాతను తెల్లపొగ ఆగకున్న విడిచిపెట్టుట మేలు. ఇచ్చట పెదతండ్రిగారి చెవియే ప్రమాణము.

రెండవ తరము కామన్ రైలు ఇంజనులది. 2007లో స్విఫ్టు డీజిలుతో వచ్చిన 1248 సీసీల ఫియట్ ఇంజను ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణము. వాయుమండలపు ఒత్తిడికి వేయిరెట్లు మించిన ఒత్తిడితో ఇంధనము చిమ్మబడును. ఎంత చిమ్మవలెనో కంప్యూటరు నిర్ణయించును. మైలేజి ఎక్కువ, పరుగు మృదువు. కాని ఒక ఇంజెక్టరు బలహీనపడినను కంప్యూటరు కొంతవరకు సరిదిద్దుచుండుటచే చెవికి తెలియదు. స్కానరు చూపును. ఇంజెక్టర్ల మరమ్మతు భారమైన ఖర్చు.

2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బీఎస్–6 నిబంధనలతో మూడవ తరము వచ్చినది. పొగగొట్టములోని వడపోత మసిని పట్టియుంచి, ఇంజను చాలినంత వేడెక్కినప్పుడు దానిని కాల్చివేయును. ఆ వేడికి హైవేపై ఎడతెగని పరుగు కావలెను. రాబర్ట్‌సన్‌పేట నుండి ఆండర్సన్‌పేటకు కూరగాయలకై తిరుగు కారులో ఆ వడపోత మూసుకొనిపోవును. కావున కారు వయస్సుకంటె ముందుగా అది తిరిగిన దారిని విచారింపవలెను; తరువాత మనము తిరుగబోవు దారిని.

మా ప్రయాణము నెలకు రెండుసార్లు బెంగుళూరు, తక్కిన దినములు ఊరిలోనే. అందుచే రెండవ తరపు కారునే ఎంచుకొంటిమి. తెల్లవారుజామున చల్లని ఇంజనును పెదతండ్రిగారి యెదుట స్టార్టు చేయించితిమి; పిమ్మట పిల్లవాడు స్కానరు పెట్టెను. ఇరువురును సమ్మతించిన పిదపనే బయానా ఇచ్చితిమి.

కొనదలచినవారికి మరి రెండు మాటలు. మన జిల్లా బోరునీటిలో లవణములు మెండు. అట్టి నీరు పోసిన రేడియేటరులో పొర కట్టి ఇంజను వేడెక్కును. మూత తీసి చూడవలెను. ఆర్సీలోని తేదీయు గమనింపవలెను: పదునైదేండ్లు నిండిన కారుకు రిజిస్ట్రేషను తిరిగి చేయింపవలసియుండును. పండ్రెండేండ్ల కారు చౌకగా దొరకినను, మూడేండ్లలో రానున్న ఆ ఖర్చు ధరలో కలుపుకొని బేరమాడుట గృహస్థునకు శ్రేయస్కరము.