వద్దన్నవాళ్లకే టికెట్టా?

గుండ్లపోచంపల్లిలో ఎన్నికల గాలి వీస్తే బీ ఫారం కోసం తిరిగేవాళ్లే తప్ప వద్దనేవాళ్లు కనబడరు. అందుకేనేమో నాకు పీవీ నరసింహారావు గుర్తొస్తారు. 1991లో లోక్‌సభకు పోటీ చేయకుండా, పుస్తకాలు సర్దుకుని ఢిల్లీ వదలబోయారు. మే 21న రాజీవ్ గాంధీ హత్య. జూన్ 21న పీవీ ప్రధాని. తర్వాత ఆయన నిలబడ్డ నంద్యాల ఉప ఎన్నికలో తెలుగుదేశం అభ్యర్థినే నిలపలేదు; మెజారిటీ అయిదు లక్షల పైమాటే.

ఆయనది నిజంగా అయిష్టమేనా? నాకు అనుమానమే. ప్రధాని పదవికి శరద్ పవార్ పోటీకొచ్చినా వెనక్కి తగ్గలేదుగా! వద్దన్నవాళ్లు అక్కడా ఉన్నారు: అమెరికాలో 1952 డెమొక్రాట్ల మహాసభ, వద్దు వద్దంటున్న అడ్లాయ్ స్టీవెన్‌సన్‌ను అధ్యక్ష పదవికి నిలబెట్టింది. ఐసెన్‌హోవర్ చేతిలో ఓడారు. పదవి మీద యావ లేకపోయినా ఫరవాలేదు, పని మీద ఆసక్తి లేకపోతేనే చిక్కు. పార్టీ ఒకసారి బతిమాలొచ్చు. రెండోసారీ వద్దంటే వదిలేయాలి.