వాకిటి బాటకు పునాది

మా ఇల్లు గుంటూరు శివారులో నల్లరేగడి నేల మీద ఉంది. వీధి గేటు నుండి వసారా వరకు కారు వచ్చే బాటపై ఎనిమిదేళ్ల క్రితం పేవర్ బ్లాకులు పరిపించాము. మూడు వర్షాకాలాలు గడిచేసరికి చక్రాలు నడిచే చోట రెండు చాళ్లు పడి, వాటిలో నీరు నిలవసాగింది. అప్పుడప్పుడు నాలుగు బ్లాకులు పెకలించి, కింద దోసెడు ఇసుక పోసి సరిపెట్టుకున్నాము. గత ఏడాది వానల్లో ఒక వేకువజామున అమ్మీ ఆ గుంట వద్ద జారిపడ్డారు. మణికట్టు ఎముక విరిగింది. ఆ కట్టును చూసినప్పుడల్లా మాకు మా అశ్రద్ధే కనిపించేది.

పాత బ్లాకుల మీదే కాంక్రీటు పోస్తే రెండు రోజుల్లో పని ముగుస్తుందని ఒకరు సలహా ఇచ్చారు. మరొక వృద్ధ మేస్త్రీ మాత్రం రెండు బ్లాకులు తీసి గునపం దింపారు. రెండంగుళాల ఇసుక, ఆ కింద నేరుగా రేగడి!

"సాయిబు గారూ, తప్పు రాయిది కాదండీ. కింద నేల నిలవకపోతే రాయేం చేస్తుంది?" అన్నారాయన.

రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకొని నెర్రెలిస్తుంది. అందుకే ముందు లెక్క వేసుకున్నాము. బ్లాకు 80 మిల్లీమీటర్లు, ఇసుక 30, మొరం, కంకర కలిపి 300. వెరసి 410, అంటే సుమారు 16 అంగుళాల తవ్వకం. నీటి గొట్టం ఎటు పోతున్నదో గుర్తించిన తరువాతే గునపం వేయించాము.

తవ్వుతున్నప్పుడు మరొక సంగతి బయటపడింది. పాత బాట వాలు పక్కింటి వైపున్నది. ఎనిమిదేళ్లుగా మా వాననీరు ఆ ఇంటి వంటగది గోడను తడుపుతున్నది. వెళ్లి క్షమాపణ కోరితే ఆ ఇంటి అవ్వ, "చెబితే నొచ్చుకుంటారని ఊరుకున్నాను నాయనా" అన్నారు. మేము తల దించుకున్నాము.

వాలును వీధి కాలువ వైపు మళ్లించాము. 50 పాళ్లకు ఒక పాలు చొప్పున, 10 మీటర్ల బాటకు 20 సెంటీమీటర్ల పల్లం. ఈ వాలును పై ఇసుకతో సరిచేయరాదు, అడుగు మట్టి నుండే తీయాలి. మట్టిని చదును చేసి కుదించి, బురద కంకరలోకి ఎగదన్నకుండా జియోటెక్స్‌టైల్ వస్త్రం పరిచాము. ఆపై 100 మిల్లీమీటర్ల చొప్పున మూడు పొరలు. ప్రతి పొరనూ తగుమాత్రం తడిపి, యంత్రంతో కుదించిన తరువాతే తదుపరి పొర. అంతా ఒకేసారి పోస్తే పైభాగమే గట్టిపడి, లోపల గుల్లగా మిగులుతుంది. అంచులు జరగకుండా ఇరువైపులా కాంక్రీటు కట్ట కట్టించాము. పొడవాటి బద్ద పెట్టి చూసి, గుంట కనిపించిన చోట కంకరతోనే సరిచేశాము. మేము ఇన్నాళ్లూ చేసినట్లు ఇసుకతో కాదు.

చివరకు పాత బ్లాకులనే కడిగి పరిచాము. చూడవచ్చిన బంధువులు, "కొత్తగా ఏమీ కనిపించదే, ఖర్చంతా ఎక్కడ పెట్టారు?" అని అడిగారు. నేల కింద పెట్టామని చెప్పాము.

వాకిలి బాగుచేయదలచిన వారు బ్లాకుల రంగు ఎంచుకునే ముందు, ఎంత లోతు తవ్వుతారని, నీరు ఎటు పోతుందని మేస్త్రీని అడగండి. ఈ తొలకరికి మా వాకిటి నీరు వీధి కాలువలోకే పోయింది. అవ్వ వంటగది గోడ ఆరుతున్నది. అమ్మీ ఊతం లేకుండా గేటు దాకా నడిచి వస్తున్నారు.