డాక్టరుగారు మాత్రలెందుకు వద్దన్నారు?

మా నాన్నగారికి రేడియేషన్ ట్రీట్‌మెంట్ జరిగినన్నాళ్ళూ, చూడ్డానికొచ్చిన చుట్టాలు పళ్ళతో పాటు యాంటీఆక్సిడెంట్ మాత్రల డబ్బాలు కూడా తెచ్చేవారు. డాక్టరుగారేమో "ఇది పూర్తయ్యేదాకా అవేవీ వద్దు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. వివరంగా చెప్పే తీరిక ఆయనకి లేదు, రెట్టించి అడిగే ధైర్యం నాకు లేదు. నాన్న లోపలున్నంతసేపూ బయట బెంచీ మీద కూర్చుని చదవడం మొదలెట్టాను.

మన ఒంట్లో సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్, కాటలేజ్ అని రెండు ఎంజైములున్నాయి. మొదటిది సూపర్ ఆక్సైడ్‌ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది, రెండోది దాన్ని నీళ్ళుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. కాపలావాళ్ళన్నమాట. వీటిని నీళ్ళలో కరిగించి గామా కిరణాలు తగలనిస్తే ఇవీ పాడైపోతాయి.

కిరణం తిన్నగా వెళ్ళి ఎంజైముని కొడుతుందనుకున్నా. కాదట! పల్చటి ద్రావణంలో దాదాపు అంతా నీళ్ళే కాబట్టి దెబ్బ పడేది నీళ్ళకి. నీటి అణువు విరిగి హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. అది ఎదురొచ్చినదాన్నల్లా కొడుతుంది. దాన్ని పట్టే ఎంజైము ఒంట్లో లేనే లేదు. మన అప్లికేషన్ క్రాష్ అయితే కోడంతా గాలించి, చివరికి తప్పు సర్వర్లో ఉందని తేలినట్టు.

1940లో డేల్ అనే శాస్త్రవేత్త వేరే ఎంజైముల మీద ఎక్స్‌రేలతో ఒక సంగతి చూపించాడు. ద్రావణం చిక్కగా ఉన్నా పల్చగా ఉన్నా, ఒక డోసుకి పాడయ్యే అణువుల సంఖ్య దాదాపు ఒకటే. వెయ్యిమంది కంపెనీలో పదిమందిని తీసేస్తే పని ఆగదు. పన్నెండుమంది టీములో తీసేస్తే ప్రాజెక్టే మూతపడుతుంది.

ఆ ద్రావణంలోనే మానిటాల్ లాంటి పదార్థం దండిగా కలిపితే, రాడికల్ దెబ్బలు చాలావరకు అది తినేస్తుంది, ఎంజైము బతికిపోతుంది. ఇక్కడే నాకు లైటు వెలిగింది. అడ్డుపడేదానికి తను ఎవర్ని కాపాడుతోందో తెలీదు. కేన్సర్ కణాన్ని చంపడంలో కూడా ఈ రాడికల్‌దే పెద్ద చెయ్యి మరి!

ఒళ్ళు గాజుగొట్టం కాదు, ఒప్పుకుంటా. కానీ తల, మెడ కేన్సర్ రోగులకి రేడియేషన్‌తో పాటు విటమిన్ ఈ, బీటా కెరోటిన్ ఇచ్చి చూసిన కెనడా పరిశోధన 2005లో వచ్చింది. దుష్ప్రభావాలు తగ్గాయి గానీ, జబ్బు తిరగబెట్టడం పెరిగే సూచనలు కనబడ్డాయి.

డబ్బాలన్నీ బీరువాలో పెట్టి తాళమేశాం. "నా మాత్రలు మీ నాన్నకి పనికిరాలేదా?" అని మా పిన్ని ఇప్పటికీ సాధిస్తూనే ఉంది. ఈసారి కలిసినప్పుడు నీళ్ళ దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పాలి.