పుంగనూరు జాతరలో కొన్న ఆటబల్ల

ఈ వత్సరము వేసవి తొలిదినములలో మేము మదనపల్లెలో బంధువుల యింట నాలుగు దినములు నిలిచి, అచటినుండి పుంగనూరి జాతరకును, పిదప కుప్పమునకును పోయి వచ్చితిమి. మేమనగా మా యత్తగారు, వదినెగారు, ఎనిమిదేండ్ల మా చిన్నవాడు, ఈ వ్రాత వ్రాయుచున్న మేమును.

మదనపల్లెలో చూడదగినవానిలో మొదటిది దివ్యజ్ఞాన సమాజమువారి కళాశాల. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు గారిచట విడిసి, తమ జనగణమన గీతమును తామే యింగ్లీషులోనికి మార్చిరి. ప్రిన్సిపాలు గారి భార్య మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరము వ్రాసి పెట్టినది. ఈమెయే 1917లో మద్రాసున భారత మహిళా సంఘమును స్థాపించినవారిలో నొకతె. ఆ చెట్లనీడను కొంతసేపు కూర్చుంటిమి. చిన్నవానికి మాత్రము జాతర తప్ప వేఱు ధ్యాస లేదు.

పుంగనూరనగానే సుమారు మూడడుగుల యెత్తు మాత్రమే యుండు ఆవులు జ్ఞప్తికి వచ్చును. పాలు కొంచెమే గాని వెన్న మిక్కుటము. ఇంటిముందఱ కట్టిన యొక యావును చూచి చిన్నవాడు దూడ యనుకొనెను. దాని దూడ వెనుకనుండి రాగా తెల్లబోయెను. సుగుటూరు గంగమ్మను దర్శించుకొని వెలుపలికి వచ్చునప్పటికి వీధి పొడవునను గాజులు, బొరుగులు, బత్తాసులు, ఆటవస్తువులు. అచటనే మా కలహమునకు బీజము పడినది.

అది మూరెడు పొడవు గల యొక చెక్కపలక. పైన నునుపైన రంగుకాగితము, దానిపై మేకులు, నడుమనడుమ అంకెలు వేసిన గుంటలు. కుడిప్రక్క స్ప్రింగు పుల్లను లాగి విడిచినచో గుండు పైకెగసి, మేకులకు తగిలి తగిలి ఏదో యొక గుంటలో పడును. కాగితముపై కత్తి దూసిన యొక సినిమా కథానాయకుడు. వెల 250 రూపాయలు. వదినెగారు బేరమాడిరి గాని అంగడివాడు దిగలేదు. "బొమ్మ జూడు తల్లీ, ఆ బొమ్మకే పోతాది" అని యాతని జవాబు. ఆ బొమ్మకు సినిమావారి యనుమతి కలదో లేదో మేమడుగలేదు.

ఆ రాత్రి మదనపల్లెలో చిన్నవాడు నలుబది మార్లైనను ఆడియుండును. మఱునాడుదయమున పలక మంచము క్రింద నుండెను. ఏమిరా యనగా, "ఎట్లా లాగినా ఒకటే, అవ్వా" అని చెప్పెను.

అత్తగారు పలకను ముందు పెట్టుకొని పరీక్షకు పూనిరి. మెల్లగా పదిమార్లు, గట్టిగా పదిమార్లు లాగిరి. రెండు విధములను గుండు చాలభాగము అడుగునకే జారినది. నూఱు మార్కుల గుంట కథానాయకుని చెప్పుక్రింద నున్నది. విరోధి తలయొద్ద గుంటకును నూఱే. కత్తి చూపువైపునకు గుండు పోవుటకు దారియే లేదు. పైగా నాయకుని ముక్కుమీద నొక మేకు! "ఈ బొమ్మకును ఈ మేకులకును పొత్తేమి?" అని వారడిగిరి.

వదినెగారు ఊరకుండలేదు. బొమ్మ లేనిచో పిల్లవాడు దానిని చేతబట్టునా? ఆట వినోదమునకు, కథ తెలిసినవానికి ఆ ముఖము చూచుటయే యొక యానందము. పనితనము తూచి చూడవలసినంత వస్తువు కాదు — ఇది వారి వాదము.

చికాగోలో నున్న మా చెల్లెలి కూతురు ఆ మధ్యాహ్నము ఫోనులో పలుకరించగా ఈ తగవు చెప్పితిమి. పెద్ద పిన్‌బాల్ యంత్రములకు ఆ నగరమే పుట్టినిల్లట. స్ప్రింగుతో గుండును కొట్టు నేర్పాటునకు 1871లో మాంటేగ్ రెడ్‌గ్రేవ్ అమెరికాలో పేటెంటు పొందెను. చాలకాలము గుండు పోయినదే దారి. న్యూయార్కు నగరమువారు దానిని జూదమని 1942లో నిషేధించిరి. 1947లో హంప్టీ డంప్టీ యను యంత్రమున, జారు గుండును మరల పైకి కొట్టు చిన్న రెక్కలు వచ్చినవి. ఫ్లిప్పర్లని వాని పేరు. అప్పటినుండి చేతినేర్పునకు చోటు దొరకినది. 1976లో రోజర్ షార్ప్ అనునాతడు నగరసభ్యుల యెదుట గుండు పోవలసిన దారిని ముందు చెప్పి, అట్లే పోనిచ్చి చూపగా నిషేధము తొలగినది.

సినిమావారికి రుసుము చెల్లించి వారి కథను యంత్రమున కెక్కించుటయు నచట నున్నది. ది ఆడమ్స్ ఫ్యామిలీ యను చలనచిత్రము 1991లో వచ్చినది; 1992లో ఆ పేరనే పాట్ లాలర్, లారీ డిమార్ అనువారు చేసిన యంత్రము ఇరువదివేలకు పైగా అమ్ముడుపోయినది. ఆ కథలో దేహము లేని యొక చేయి యింటివారికి పనులు చేసిపెట్టును. యంత్రమునందును పెట్టెలోనుండి చేయి లేచి, అయస్కాంతముతో గుండును పట్టుకొని పోవును. బల్లక్రింద దాచిన మఱికొన్ని అయస్కాంతములు నడుమ గుండును దారి తప్పించును. దయ్యపుటింటి కథకు అది తగియే యున్నది.

"అయస్కాంతము లాగినచో ఆడువాని నేర్పేమి? అది యంత్రము చేయు మోసము గాదా?" అని వదినెగారు. ఈ ప్రశ్న మాకును సబబుగానే తోచినది. అత్తగారు మాత్రము ఆ చేతిని మెచ్చుకొనిరి. మన పరమపదసోపాన పటము సంగతి యెత్తి, అందు నేర్పునకు సూదిమోపు చోటైన లేదని తామే యొప్పుకొనిరి. గవ్వలు పడినట్లు పోవలసినదే. అయినను పాము నోట పడినవానికి తానే దుర్గుణమువలన దిగినాడో యా గడిలోనే తెలియును. కథ తీసివేసినచో ఆ యాట నిలువదు.

మూడవనాడు పలమనేరు మీదుగా కుప్పమునకు బయలుదేరితిమి. పలమనేరులో పుంగనూరి జాతి యావులను పెంచు పరిశోధనక్షేత్రము కలదు, ప్రొద్దెక్కుచుండుటచే ఆగలేదు. కుప్పమునకు ఒకప్రక్క కన్నడదేశము, మఱియొకప్రక్క తమిళదేశము. ఒక్క అంగడి ముందఱనే మూడు భాషల మాటలు వినవచ్చును. అడిగినవారి భాషలోనే జవాబు.

ఆ బజారులో నొక దుకాణమున మా పలక వంటివే వరుసగా వ్రేలాడుచుండెను. ఒకదానిపై తెలుగు నాయకుడు, ఒకదానిపై తమిళ నాయకుడు, ఒకదానిపై కన్నడ నాయకుడు. చిన్నవాడు తన పలకను సంచిలోనుండి తీసి వానిప్రక్కన పెట్టెను. మేకులన్నియు నొక్కటే; గుంటలు నొక్కటే. ముగ్గురు నాయకుల ముక్కుల మీదను మేకు!

మేము నవ్వితిమి. వదినెగారు నవ్వలేదు. "రాగము మార్చక మాటలు వేఱు భాషలో పెట్టిన మదనపల్లెను మెచ్చినారు గదా, బొమ్మ మార్చినవాని తప్పేమి?" అనిరి. దీనికి మేము వెంటనే బదులు చెప్పలేకపోయితిమి. కొంత తడవునకు అత్తగారు, "అక్కడ మాటలు మారినా అర్థము అదే. వీనికి మొదటనే అర్థము లేదు గదమ్మా" అనిరి. వదినెగారు సగమే యొప్పుకొన్నట్లు తల యూచిరి.

మేము దిగిన యింటి అరుగు నల్లరాతిది. దానిపై ఏనాడో చెక్కిన పులిజూదపు గీతలున్నవి. మూడు పులులు, పదునైదు మేకలు. పేరున జూదమున్నను గవ్వలు లేవు, పాచికలు లేవు, చూపే పెట్టుబడి. చింతగింజలు మేకలుగా, రాళ్లు పులులుగా పెట్టి అవ్వయు మనుమడును కూర్చుండిరి. మొదటి యాటలో మేకలన్నియు పులుల పాలైనవి. నాలుగవ యాటలో చిన్నవాడు రెండు పులులను కట్టివేసెను. ఆ యరుగుపై బొమ్మ యనునది లేదు. వదినెగారును కొంగు బిగించి పులులపక్షమున చేరిరి!

సాయంకాలమున చిన్నవాడు ఇంటివారిని కటింగు ప్లేయరు, సుత్తి అడిగి తెచ్చి, పలకమీది మేకులన్నిటిని పెఱికెను. నీరు చల్లి నాయకుని ఊడదీసెను. వదినెగారికి ఆ 250 రూపాయలు కండ్లముందఱ మెదలియుండును. అయినను బొగ్గుముక్కతో పుంగనూరి యావును వ్రాసి యిచ్చినది వారే. ఇక గుండే యావు. పైన మేత బీడు, క్రింద పాక, నడుమ పులి గుంట. పాకకు నూఱు మార్కులు, పులికి సున్న. పాక దారి పులికి దూరముగా నుండవలెనని చిన్నవాడు. ప్రక్కనుండియే పోవలెనని అత్తగారు, లేకున్న నూఱు మార్కు లెందుకిత్తురని. మెల్లగా లాగినచో బీడులోనే నిలుచునట్లును, మితముగా లాగినచో పాకవైపు తిరుగునట్లును మేకులు కొట్టుచు, పెఱుకుచు దీపములు పెట్టు వేళ దాటినది.

మేము భోజనమునకు పిలుచునప్పటికి ఆవు పదిమార్లలో ఎనిమిదిమార్లు పులినోటనే పడుచుండెను. పాకముందఱి మేకును రెండు వ్రేళ్లు ఎడమకు జరుపవలెనని వదినెగారు, కాదు వంచిన చాలునని అత్తగారు. అన్నము చల్లారుచున్నదని రెండవమారు పిలిచితిమి.