సీసాపై వితంతువు పేరు

ఈ వ్యాసము చదివి మామీద కోపగింపవలదని సోదరీమణులను ముందుగానే వేడుకొనుచున్నాము. మేము బడిపంతులుగారి యిల్లాలము. మా యింట కల్లుగాని సారాయిగాని గడప దాటి యెఱుగదు. తాగుడువలన కూలిన కాపురములను మా వీధిలోనే చూచియున్నాము. అట్టి మేము ద్రాక్షాసవమును గూర్చి వ్రాయబూనుట వింతయే. కాని గత వేసవి సెలవులలో ఫ్రాన్సు దేశమున మాకు కలిగిన యనుభవమును ఎవరితోనైన చెప్పుకొననిదే మా మనసు కుదుటపడునట్లు లేదు.

మా చెల్లెలును మరిదిగారును అచ్చట రాన్స్ అను పట్టణమున కాపురమున్నారు. పాపకు ఏడాది నిండిన పండుగకు మమ్మును మావారిని రప్పించుకొనిరి. పారిసు నుండి రైలులో ముప్పావుగంట ప్రయాణము. అది షాంపేన్ సీమ. ఊరి చుట్టును ద్రాక్షతోటలు, ఊరి క్రింద సుద్దరాతి గుహలు. పూర్వము రాతికొఱకు త్రవ్విన ఆ గోతులలో ఇప్పుడు లెక్కలేనన్ని సీసాలు చీకటియందు నిదురించుచున్నవి. ఎండకాలమైనను చలికాలమైనను అచ్చట పది పండ్రెండు డిగ్రీల చల్లదనమే. 2015లో యునెస్కోవారు ఆ తోటలను గుహలను ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చిరి. 1914లో మొదలైన మహాయుద్ధమున ఊరిపై ఫిరంగిగుండ్లు కురియుచుండగా ఈ గుహలలోనే పిల్లలకు బడులు నడిపిరట. ఆ మాట వినగానే మావారు కదలక నిలిచిపోయి, "సీసాల నడుమ ఎక్కములు వల్లించిరా!" అని ఆశ్చర్యపడిరి. ఎచ్చటికి పోయినను వారికి బడియే కనబడును.

మాకు కనబడినది వేఱు. పెద్ద వ్యాపారశాల యొకదాని సీసాలపై "వ్యూవ్ క్లికో" అని యుండెను. "వ్యూవ్" అనగా విధవ యని మరిదిగారు చెప్పగా మేము నమ్మలేదు. మనవైపు ఆ మాటను తిట్టుగా వాడుదురుగాని సరకుపై ముద్రించి యమ్ముదురా? కాని నిజమే. బార్బ్ నికోల్ అను నామె భర్తయగు క్లికో 1805లో మరణించెను. ఆమెకు అప్పటికి ఇరువదియేడేండ్లు, ఒక్కతే కూతురు. ఆ కాలపు ఫ్రెంచి చట్టమున భర్త గల స్త్రీకి స్వంతముగా వ్యాపారము చేయు స్వాతంత్ర్యము లేదు, వితంతువునకు కలదు! మామగారిని ఒప్పించి ఆమె వ్యాపారమును చేతబట్టెను. యుద్ధములవలన సముద్రమార్గములు మూతపడియుండగా ఓర్చి, 1814లో పదివేలకు పైగా సీసాలను రష్యాకు ఓడనెక్కించెను. 1866లో ఎనుబదియెనిమిదేండ్లు నిండి కన్నుమూయువఱకు ఆమె పేరు చెప్పనిదే ఆ సీమలో వ్యాపారము లేదు.

ఈ పానీయము చేయు విధము వంటింటివారికి సులభముగనే తెలియును. ఒకసారి పులిసిన ద్రాక్షరసమును సీసాలలో పోసి, కొంచెము చక్కెరయు ఈస్టును చేర్చి బిగింతురు. ఇడ్లీపిండి గిన్నెపై మూత గట్టిగా పెట్టి మఱచినచో ఏమగునో మన మెఱుగుదుము. అట్లే లోపల పుట్టిన వాయువు పోవుదారి లేక రసములో కలిసిపోవును. కాని అడుగున మడ్డి మిగులును. దానిని తీయుటెట్లు? 1816లో క్లికో సంస్థయందు బల్లకు రంధ్రములు తొలిపించి, సీసాలను తలక్రిందులుగ నిలిపి, దినదినము కొంచెము త్రిప్పుచు మడ్డిని మూతియొద్దకు దింపు ఉపాయము కనిపెట్టిరి. నేటికిని అదే పద్ధతి. చేతులకు బదులు చాలచోట్ల యంత్రములు త్రిప్పుచున్నవి. సాధారణముగా పెక్కేండ్ల రసములను కలిపి సీసాలకెత్తుదురు. మంచి పంట పండిన యేట మాత్రము ఆ యొక్క యేటి రసమునే వేఱుగా నింపి, సంవత్సరము పైన వ్రాయుదురు. సాధారణపు దానికి పదునైదు నెలలు చాలును. దీనిని మూడేండ్లకు తక్కువగాక నిలువయుంచవలెనని చట్టము. పాతబియ్యమునకు మన మిచ్చు మర్యాద వంటిదే యిది.

పండుగనాటి సాయంకాలము పొరుగింటి వృద్ధురాలు వచ్చిరి. ఆమెయు వితంతువే. చేతిలో 2012 అని వ్రాసియున్న క్లికో సీసా యుండెను. "ఆ యేటి కోత మా యాయన చేసిన కడపటి కోత. దీనిని మంచిదినమునకని దాచితిని," అని ఆమె చెప్పగా మరిదిగారు మాకు తెలిపిరి. తరువాత పాపను ఎత్తుకొన చేతులు చాచిరి. చెప్ప సిగ్గగుచున్నది, మా చేతులు పాపను వెనుకకు లాగినవి. ఒక్క క్షణమే. ఆమె గమనించిరో లేదో తెలియదు. చెల్లెలు మాత్రము మావైపు చూచి, పాపను తీసి ఆమె యొడిలో కూర్చుండబెట్టెను.

తరువాత ఆమె చేసిన మర్యాదను చూచి నేర్చుకొంటిమి. మంచుముక్కలు మాత్రమే వేసినచో సీసా త్వరగా చల్లబడదట. సగము మంచు, సగము నీరు పోసి అరగంట యుంచిరి. పాత సంవత్సరపు దానిని మఱీ చల్లార్చరాదు. పది పండ్రెండు డిగ్రీలైన చాలును, లేనిచో పరిమళము ముడుచుకొనును. మూతిపై తీగను ఆరు అరచుట్లు విప్పి, బిరడాను పిడికిట బట్టి, బిరడాను గాక సీసాను త్రిప్పిరి. సినిమాలలోవలె ఢామ్మనలేదు, నిట్టూర్పు వంటి చప్పుడు మాత్రమే. లోపలి ఒత్తిడి కారు చక్రములో గాలికి రెండు మూడింతలట. అజాగ్రత్త వలన కండ్లు పోగొట్టుకొన్నవారు కలరు. పైకి సన్నగిలిన గాజుగ్లాసులను సబ్బు లేక వేడినీట కడిగియుంచిరి. కొంచెము పోసి, నురుగు అణగిన పిదప మరల మూడింట రెండుపాళ్లు నింపిరి. తుడిచిన గుడ్డ నుండి గ్లాసున అంటిన సన్నపు నూలుపోగులనుండియే ఆ బుడగల దండలు పుట్టునని రాన్స్ విశ్వవిద్యాలయమున లిజే-బెలేర్ అను శాస్త్రజ్ఞుడు చూపెనట.

తొలి గ్లాసును ఆమెకే యిచ్చిరి. పాలిచ్చు తల్లి గనుక చెల్లెలు ముట్టలేదు. మావారు వాసన చూచి చాలించిరి. మేము ఒక్క గుక్క పుచ్చుకొంటిమి. ఆ వృద్ధురాలి యెదుట మా చేతులు చేసిన తప్పునకు అదియొక ప్రాయశ్చిత్తమని యప్పుడు తోచెను. కాల్చిన రొట్టె వాసన, బాదము వాసన. నాలుకపై మాగీమాగని నారింజ పులుపు, బుడగల చిమచిమ, చివరకు చిన్ననాడు బలపము నాకినప్పటి రుచి. ఇష్టమైనదని చెప్పజాలము, మఱచితిమనియు చెప్పజాలము.

చెల్లెలు చేసిన వంటలలో దేనితో పొసగునో ఆమె ఒక్కొక్కటిగా రుచి చూచిరి. గారె యనగానే ముఖము వికసించెను. నూనెలో వేగిన ఉప్పటి పదార్థమునకు ఈ పులుపు చక్కగా తగులునట. జంతికలతో నింకను బాగుండెను. గోంగూర పచ్చడితో బుడగలు కారమును రేపి కన్నీరు తెప్పించినవి, నవ్వుచు నీళ్లడిగిరి. బొబ్బట్టు తిని త్రాగగానే మొగము చిట్లించిరి. ఈ జాతి షాంపేన్‌లో లీటరునకు పండ్రెండు గ్రాములకంటె తక్కువ చక్కెర; తీపి వెంట త్రాగినచో వట్టి పులుపే మిగులును. బొబ్బట్టును విడిగా తిందునని రెండవది అడిగి తీసికొనిరి. పోవునప్పుడు సీసామూతిపై నుండు గుండ్రని రేకును మా చేతిలో పెట్టిరి. దానిపై క్లికో వితంతువు ముఖము ముద్రించియున్నది.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మాకు అమరకోశమును భారతమును చెప్పినది మా మేనత్త. రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు 1881లో తొలి వితంతు వివాహము జరిపించిన అరువదియేండ్లకు పైగా పిదప పుట్టినది. అయినను ఇరువదిరెండవ యేట భర్త పోగా పుట్టినింటనే యుండిపోయినది. మా పెండ్లిలో తలుపు చాటున నిలిచి అక్షతలు చల్లినది. ఎవ్వరును పొమ్మనలేదు, ఆమెయే తప్పుకొన్నది. మేమును రమ్మని పిలువలేదు. ఆమె చెప్పిన పద్యములే మా నోట నుండగా, పీటలమీద కూర్చుండి తలుపువైపు చూడక యుంటిమి.

ఊరు చేరిన మఱునాడు ఆ రేకును అత్త చేతిలో పెట్టి కథయంతయు చెప్పితిమి. పాపను లాగికొన్నదియు, గుక్క పుచ్చుకొన్నదియు దాచలేదు. మద్యము మాటకు ఆమె ఏమియు ననలేదు. అద్దములు పెట్టుకొని ఆ ముఖమును చాలసేపు చూచి, "ఇంత వ్యాపారమునకు లెక్కలెవరు వ్రాసెడివారే?" అని యడిగినది. మా పుట్టినింటి పొలము లెక్కలు నలువదియేండ్లుగా వ్రాయుచున్నది ఆమెయే.

వచ్చు మాఘమున మా అబ్బాయి యుపనయనము. తొలి యక్షతలు పందిట నిలిచి నీవే వేయవలెనని అడిగితిమి. ఔననలేదు, కాదనలేదు. రేకును అద్దముల పెట్టెలో పెట్టుకొని, "ముహూర్తము పగలా, తెల్లవాఱుజామునా?" అన్నది.