అద్దం మీది స్టిక్కర్, కంటైనర్ మీది సీలు

సంక్రాంతి ముందు పంతంగి టోల్ ప్లాజా దగ్గర ఎలా ఉంటుందో హైదరాబాద్ నుంచి కోస్తాకు వెళ్లేవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. చౌటుప్పల్ దాటగానే కార్లు బారులు తీరాయి. తమ్ముడు బండి నడుపుతున్నాడు. వెనక సీట్లో బాబాయి, పిన్ని. వాళ్లది బాపట్ల జిల్లా నిజాంపట్నం మండలంలోని అడవులదీవి. పండగ నాలుగు రోజులూ అక్కడే గడపాలని అందరం బయల్దేరాం.

మా వంతు వచ్చింది. బూత్ మీది రీడర్ కిందికి కారు చేరగానే గేటు లేచింది. తమ్ముడి ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. బాబాయి ముందుకు వంగి అడిగాడు.

"అబ్బాయ్, ఆ మధ్యన ఒక వీడియో వచ్చింది చూడు. పిల్లాడెవడో కారద్దం తుడుస్తా, చేతి గడియారంతో ఈ స్టిక్కర్‌లో డబ్బులు లాగేస్తాడు. మనకీ అట్టా చేస్తే?"

ఆ భయం ఆయనొక్కడిదే కాదు. 2022 జూన్‌లో ఆ వీడియో దేశమంతా తిరిగింది. అది అబద్ధమని నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ అప్పుడే ప్రకటించింది. టోల్ కట్టడానికి అద్దానికి అంటించే ఆ స్టిక్కరే ఫాస్టాగ్. దాని డబ్బు మనిషి నుంచి మనిషికి వెళ్లే ఏర్పాటే లేదు. బ్యాంకు ద్వారా నమోదైన టోల్ ప్లాజాకో పార్కింగ్ నిర్వాహకుడికో మాత్రమే వెళ్తుంది. వాళ్ల కంప్యూటర్ల చిరునామాలు కూడా ముందుగానే ఆమోదం పొంది ఉండాలి. గడియారంలో నిజంగానే రీడర్ పెట్టుకొచ్చినా ఆ పిల్లాడికి దొరికేది ఒక నంబరు, అంతే.

బాబాయికి ఇంకా నమ్మకం కుదరలేదు. "నంబరు దొరికితే డబ్బు దొరికినట్టే గదరా" అన్నాడు. కొర్లపహాడ్ వచ్చేదాకా మా మాటలు దాని చుట్టూనే తిరిగాయి.

ఆ స్టిక్కర్‌లో బ్యాటరీ ఉండదు. నువ్వుగింజ కన్నా చిన్న చిప్, దాని చుట్టూ పల్చటి లోహపు యాంటెన్నా ఉంటాయి. ప్లాజా రీడర్ 865 మెగాహెర్ట్జ్ దగ్గరి రేడియో తరంగాన్ని వదులుతుంది. ఆ తరంగంలోని శక్తితోనే చిప్ మేలుకుంటుంది. పిల్లలు అద్దం ముక్కతో ఎండను ఎదుటి గోడ మీదికి తిప్పినట్టు, వచ్చిన తరంగాన్నే కాస్త మార్చి వెనక్కి పంపుతుంది. ఆ మార్పులోనే దాని నంబరు ఉంటుంది. ఫ్యాక్టరీలో చిప్‌కు వేసిన గుర్తింపు సంఖ్యను తర్వాత ఎవరూ మార్చలేరు. ఏ ఖాతా, ఎంత నిల్వ, ఏ బ్యాంకు అనే లెక్కంతా దూరాన సర్వర్లలో ఉంటుంది. ఒక అద్దం మీద నుంచి ఊడదీసి ఇంకో బండికి అంటించబోతే యాంటెన్నా చిరిగి ట్యాగ్ పనిచేయకుండా పోయేలా తయారుచేస్తారు. అందుకే దాన్ని చేత్తో పట్టుకుని చూపించకుండా అద్దానికి అంటించమంటారు. 2014లో ముంబై, అహ్మదాబాద్ మధ్య ప్రయోగంగా మొదలైన ఈ పద్ధతి 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి దేశంలోని జాతీయ రహదారుల ప్లాజాలన్నిటా తప్పనిసరి అయింది.

బాబాయికి చెప్పిన జవాబులో అసలు సంగతి ఒక్కటే. ట్యాగ్ "నేను ఫలానా" అంటుంది. ఆ మాట నిజమో కాదో తేల్చాల్సింది దాని వెనక ఉన్న ఏర్పాటు. ఆ ఏర్పాటు గట్టిదైతే ట్యాగ్ నంబరును ఎవరు విన్నా నష్టం ఉండదు. బలహీనమైతే ఎంత దాచినా లాభం లేదు.

చిల్లకల్లు దాటాక టీ తాగడానికి ఆగాం. తమ్ముడి ఆఫీసు కార్డు అద్దానికి వేలాడుతోంది. అదీ ఇలాంటి ట్యాగే. నాకు భయమేసేది దాన్ని చూసినప్పుడే. మన అపార్ట్‌మెంట్లలో, ఆఫీసుల్లో ఇప్పటికీ చాలాచోట్ల పాతరకం 125 కిలోహెర్ట్జ్ కార్డులే నడుస్తున్నాయి. దగ్గరికి ఏ రీడర్ వచ్చినా అవి అడ్డూ ఆపూ లేకుండా నంబరు చెప్పేస్తాయి. చవకగా దొరికే పరికరంతో దానికి నకలు తీయొచ్చు. ఇక్కడ నంబరే తాళంచెవి, వెనక అడిగేవాళ్లుండరు. రహస్య తాళం ఉన్న కార్డులూ కొన్ని ఓడిపోయాయి. ప్రపంచమంతా బస్సుల్లో, మెట్రోల్లో, కార్యాలయాల్లో వాడిన మైఫేర్ క్లాసిక్ కార్డు రహస్య లిపిని 2007 డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన ఒక సభలో పరిశోధకులు బయటపెట్టారు. మరుసటి ఏడాది నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయం వాళ్లు దాన్ని పూర్తిగా ఛేదించారు. ఆ పరిశోధనను ప్రచురించకుండా ఆపాలని తయారీ సంస్థ ఎన్ఎక్స్‌పీ కోర్టుకెక్కితే, 2008 జులైలో కోర్టు ఒప్పుకోలేదు. ఆ తీర్పు సరైనదని నా నమ్మకం. లోపాన్ని దాచిపెట్టడం వల్ల దొంగకే మేలు.

ఇందుకు భిన్నంగా, పిన్ని దగ్గర చిప్ ఉన్న కొత్త పాస్‌పోర్టు ఉంది. దేశంలో 2024లో ప్రయోగాత్మకంగా మొదలైన వీటిని హైదరాబాద్‌లోనూ ఇస్తున్నారు. లోపలి పేజీలో అచ్చయిన వరసలను ముందు చదివితేనే ఆ చిప్ నోరు విప్పుతుంది. మూసి ఉన్న పుస్తకం పక్కవాడికి వివరాలు చెప్పదు. ట్యాగ్‌కు కాపలా ఇలా ఉండాలి.

విజయవాడ దాటి, మంగళగిరి దగ్గర హైవే వదిలేశాం. దుగ్గిరాల పసుపు యార్డు, తెనాలి, వేమూరు మీదుగా భట్టిప్రోలు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కడి బౌద్ధ స్తూపం దగ్గర కాసేపు దిగుదామని పట్టుబట్టింది నేనే. 1892లో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వించినప్పుడు ధాతువులు దాచిన రాతి పేటికలు బయటపడ్డాయి. వాటి మీద బ్రాహ్మీ లిపిలో దాతల పేర్లు, కుబీరక రాజు పేరు చెక్కి ఉన్నాయి. లోపల ఏముందో, ఇచ్చిందెవరో పేటిక మీదే రాసి మూత పెట్టి స్తూపంలో దాచారు. ఇప్పుడు ట్యాగులు చేయాలనుకుంటున్న పనిని ఇరవై శతాబ్దాల కిందటే రాయి మీద చేసిన మనుషులు ఈ నేల మీద తిరిగారని తలచుకుంటే నా ఒళ్లు పులకరించింది.

రేపల్లె దాటాక గాలిలో ఉప్పు వాసన తెలుస్తుంది. అడవులదీవిలో దిగేసరికి ఎటు చూసినా రొయ్యల చెరువులు, తిరుగుతున్న ఏరేటర్లు. మర్నాడు తెల్లవారకముందే పక్క చెరువులో పట్టుబడి. వలలో ఎగిరిపడుతున్న వనామీ రొయ్యలను కౌంటు చూసి, తూకం వేసి, ట్రేలలో ఐసు పరిచి లారీకెక్కిస్తున్నారు. బాబాయి గట్టు మీద నిలబడి లెక్క రాస్తున్నాడు.

ఈ రొయ్య ప్రాసెసింగ్ ప్లాంటుకు వెళ్లి, శుభ్రపడి, గడ్డకట్టి, విశాఖ వంటి రేవు నుంచి ఓడెక్కుతుంది. ఎగుమతిదారు స్వయంగా సీలు వేసే కంటైనర్లకు మన కస్టమ్స్ శాఖ 2017లో రేడియో ట్యాగ్ ఉన్న బోల్టు సీలు తెచ్చింది. దాని రేడియో ప్రమాణం మన కారద్దం మీది ఫాస్టాగ్‌దే. బోల్టు కోస్తే ట్యాగ్ పాడవుతుంది. రేవులో రీడర్‌కు జవాబు రాకపోయినా, నంబరు తేడా వచ్చినా అధికారులు కంటైనర్ తెరిపించి చూస్తారు. దారిలో సరుకు మారకుండా ఇది బలమైన కాపలా.

"అయితే మా సరుక్కి ఢోకా లేదన్నమాట" అన్నాడు బాబాయి.

లేదని చెప్పలేకపోయాను. తలుపు ఎవరూ తెరవలేదని మాత్రమే సీలు చెబుతుంది. లోపలి రొయ్య ఏ చెరువుదో, దానికి ఏ మందు వేశారో దానికి తెలియదు. చెరువు గట్టు నుంచి ప్లాంటు దాకా ఉన్న దారిలో కాగితమే ఆధారం. నాలుగు చెరువుల సరుకు ఒక్క లారీలో కలిసిందంటే ఆ కాగితం కూడా మాట్లాడదు. విదేశీ పరీక్షలో నిషేధించిన యాంటీబయాటిక్ ఆనవాలు దొరికి కంటైనర్ వెనక్కి వస్తే, ఆ మచ్చ మందు వాడని రైతు మీద కూడా పడుతుంది. ధర తగ్గేది అందరికీ. ఖరీదైన భద్రత అంతా చివరి మజిలీలో పెట్టి, మొదటి మజిలీని గాలికి వదిలేశాం.

సముద్ర తీరంలోని రొయ్యల చెరువుకు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ దగ్గర నమోదు ఉండాలని 2005 చట్టం చెబుతోంది. అంటే చెరువుకు నంబరు ఇప్పటికే ఉంది. ప్లాంట్ల యజమానులు, మత్స్యశాఖ కలిసి ఆ నంబరును ట్రేకు తగిలించే ట్యాగ్‌లోకి తేవాలి. ఆ లెక్కను రైతు తన ఫోన్‌లో చూసుకునే వీలుండాలి. తన సరుకు ఎటు వెళ్లిందో తెలుసుకునే హక్కు కొనేవాడికి ఎంత ఉందో పండించినవాడికీ అంతే ఉంది. ఈ పని అడవులదీవి, నిజాంపట్నం చెరువుల దగ్గరే మొదలుపెట్టమని సంబంధిత అధికారులను అడుగుతున్నాను.